పందెం అయిపోనీ, అన్నా

హలో... హలో, వినబడుతోందా అందరికీ? నేనే, రంపపు మిల్లు ఓడ్వర్‌ని. పొద్దున్నే గొర్రెల ఫోటోలూ, వాకిట్లో మంచు ఎంత పడిందో కర్ర గుచ్చి కొలిచిన ఫోటోలూ పెట్టి మీ ఫోన్లు నింపేస్తుంటానే, ఆ ఓడ్వర్‌నే. ఇవాళ ఫోటో లేదు. కాఫీ కలుపుకుని కూర్చోండి, కాస్త పొడుగు కబురు. నేను చదివింది తొమ్మిదో తరగతి దాకా. తప్పులుంటే సర్దుకోండి.

మూడేళ్ళ కిందటి చలికాలం మాట ఇది. అప్పటికి నాకు యాభై రెండు.

మా లోయలో మగాడికి యాభై దాటిందంటే ఏదో ఒక పిచ్చి పట్టుకుంటుంది. కొందరు మోటారు సైకిలు కొంటారు. మిగతావాళ్ళు స్కీ పందేలకి పేరిస్తారు. మోటారు సైకిలు వాడు రెండేళ్ళలో తేరుకుంటాడు. స్కీ వాడు తేరుకోడు. పుట్టి నడక రాగానే స్కీలు కట్టించుకున్న జనమే అందరం, అయినా నడిచిపోవడం వేరు, పందెం వేరు. యాభై రెండేళ్ళ దాకా నేను స్కీల మీద నడిచినవాణ్ణే. కట్టెలకి, గొర్రెల కోసం, ఆదివారం షికారుకి. అంతే.

అక్టోబరులో ఒక రోజు మిల్లులో మధ్యాహ్నం రొట్టె తింటుంటే స్టిగ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నాకంటే పద్దెనిమిదేళ్ళు చిన్నవాడు, దుంగలు ఎత్తే యంత్రం నడుపుతాడు, నోటికి మూత లేదు.

"ఏం బాబాయ్, మార్చిలో కొండ దాటే పందేనికి మిల్లు నుంచి నలుగురం వెళ్తున్నాం. నువ్వు సామాన్ల వ్యాన్ తోలతావా?"

"నేనెందుకు తోలాలిరా వ్యాను?"

"మరేం చేస్తావు? స్కీలేసుకుని నువ్వూ బయల్దేరావనుకో, నువ్వొచ్చేలోపు మేం ఇంటికెళ్ళి, స్నానం చేసి, భోంచేసి, ఓ పిల్లాణ్ణి కనేసి, వాడికి పేరు కూడా పెట్టేస్తాం."

బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. సాయంత్రం ఇంటికెళ్ళి, ఈ మొద్దు వేళ్ళతో ఒక్కో అక్షరం నొక్కి, పందెంలో నా పేరు రాయించుకున్నాను. యాభై నాలుగు కిలోమీటర్లు. ఈ లోయ నుంచి అవతలి లోయకి.

తిన్నగా మైనం కొట్టుకి వెళ్ళాను. స్కీల అడుగున మైనం రాసుకునే చిన్న కర్ర కొట్టు, మా పెరటి మూల ఉంటుంది. అది మా అన్న ఎంబ్రెట్ రాజ్యం. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. పెరటి అవతల చిన్నింట్లో ఉంటాడు, రాత్రి భోజనం మాతోనే. మంచు ముట్టుకుని, వాసన చూసి, ఏ రంగు మైనం రాయాలో చెప్పగల మనిషి. మైనం తప్పిందంటే స్కీ ముందుకు జారదు, లేకపోతే ఎత్తు ఎక్కేటప్పుడు వెనక్కి జారుతుంది. మా దగ్గర కాపురాలు చెడేది దాని మీదే.

ఆ కొట్టు గోడల నిండా పెన్సిల్ రాతలు. ఎంబ్రెట్ స్కీల మీద బయటికెళ్ళిన ప్రతిసారీ తిరిగొచ్చి ఒక వరుస రాస్తాడు. తేదీ, చలి ఎంత, ఏ మైనం, ఒక మాట. నడినెత్తిన దూలం మీద మాత్రం ఒకే ఒక్క వరుస ఉంది:

*1984 మార్చి 17. మైనస్ 4. నీలం. 3 గంటల 41 నిమిషాల 20 సెకన్లు. మోకాలు నొప్పి.*

కొండ దాటే పందెంలో వాడి టైము అది. ఒక్కసారే వెళ్ళాడు.

"ఇది కొట్టేస్తాను చూడు," అన్నాను దూలం చూపించి.

ఎంబ్రెట్ స్టూలు మీద కూర్చుని స్కీ గీకుతున్నాడు. తలెత్తి నా పొట్ట చూశాడు, తర్వాత దూలం చూశాడు. "కొట్టు. ముప్పై ఎనిమిదేళ్ళుగా అది అక్కడ ఒంటరిగా ఉంది. దానికీ ఓ తోడు కావాలి కదా."

స్కీని రెండోవైపు తిప్పి పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, "సరేగానీ, నాదో కోరిక. ఈ ఏడు సేటర్‌కి కాస్త ముందే వెళ్దాం. జనవరిలోనో, ఫిబ్రవరి మొదట్లోనో. నేను తొక్కగలిగినప్పుడే."

సేటర్ అంటే వేసవిలో గొర్రెల్ని తోలుకుపోయే కొండమీది మా కర్ర ఇల్లు. స్కీల మీద పదకొండు కిలోమీటర్లు. ఏటా చలికాలంలో ఒక్కసారి ఇద్దరం వెళ్ళి, దాని దక్షిణపు గోడకి వీపు ఆనించి ఎండలో కూర్చుని, చెరో నారింజ తిని తిరిగొస్తాం. మాట్లాడుకునేది కూడా ఏమీ ఉండదు. ముప్పై ఏళ్ళలో ఒక్క ఏడూ తప్పలేదు.

నేను తొక్కగలిగినప్పుడే అని ఎందుకన్నాడో నాకు తెలుసు. ఆ వేసవిలోనే పట్నం డాక్టరు చెప్పాడు. నరాల జబ్బు. కాళ్ళతో మొదలై పైకి పాకుతుంది. ఈ చలికాలం స్కీలు తొక్కుతాడు, వచ్చే చలికాలం సంగతి చెప్పలేను అన్నాడు. కారు తోలుకెళ్ళి పక్కన కూర్చున్నది నేనే. విన్నది నేనే.

"తప్పకుండా వెళ్దాం," అన్నాను. "పందెం అయిపోనీ, అన్నా. మార్చి తర్వాత బోలెడు మంచు ఉంటుంది."

"ఉంటుందిలే," అన్నాడు.

ఇక నా సంగతి ఏం చెప్పమంటారు. స్టిగ్ ఎక్కడి నుంచో తెచ్చిచ్చిన సాధన కాగితం ఫ్రిజ్ మీద అంటించాను. గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చూపించే గడియారం చేతికెక్కింది. మంచు పడక ముందు చక్రాల స్కీలేసుకుని రోడ్డు మీద తిరిగాను. గొర్రెలు మేత మానేసి నన్నే చూసేవి. మా ఆవిడ మారిట్ కిటికీ తీసి, "ఓడ్వర్, వాటి పాలు విరిగిపోతాయి, అవతలి రోడ్డుకి పో!" అని కేకేసేది.

డిసెంబరుకి మంచు కుదురుకుంది. ఊరి కుర్రాళ్ళ యంత్రం అడవిలో జోడు గాళ్ళు తీసింది, స్కీలు అందులో పట్టాల మీద బండిలా పోతాయి. నేను మిల్లు నుంచి తిన్నగా అడవికి, అడవి నుంచి తిన్నగా మంచానికి. భోజనాల దగ్గర ఎంబ్రెట్‌తో మాట్లాడేది కూడా మైనం గురించీ, నా గుండె గురించీ.

"ఇవాళ నూట అరవై దాటనివ్వలేదు," అంటాను.

"గొర్రెలకి మేత వేశావా?" అంటుంది మారిట్.

"ఎత్తు మీద కూడా దాటలేదు."

"నీ గుండె కొట్టుకుంటోందని ఇంటిల్లిపాదికీ తెలిసింది ఓడ్వర్. మేత సంగతి చెప్పు."

ఎంబ్రెట్ నవ్వుతాడు. గొంతులో నవ్వు, తల వంచుకుని. బంగాళాదుంప చెక్కు తీస్తున్న వాడి చెయ్యి అప్పటికి బాగానే ఉంది. కాళ్ళే, మెట్లు ఎక్కేటప్పుడు గోడ పట్టుకునేవాడు.

జనవరి ఆఖర్లో ఒక శనివారం. మైనస్ ఆరు, గాలి లేదు, ఆకాశం కడిగినట్టుంది. అలాంటి రోజు ఏడాదికి మూడో నాలుగో వస్తాయి. నేను బూట్లు కట్టుకుని బయటికొచ్చేసరికి ఎంబ్రెట్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. గోడకి రెండు జతల స్కీలు ఆనించి ఉన్నాయి. ఒకటి వాడిది. రెండోది నాదే, పందేనివి కాదు, పాత వెడల్పువి, షికారువి. రెండింటికీ మైనం రాసి ఉంది.

"నీలం," అన్నాడు. "ఒక్క పూతే సరిపోయింది. ఇలాంటి రోజు మళ్ళీ రాదురా."

నేను గడియారం చూసుకున్నాను. "ఇవాళ నాలుగు గంటల తొక్కుడుంది, అన్నా. కాగితంలో రాసుంది. సేటర్ దాకా నీతో మెల్లిగా వెళ్తే నాకది లెక్కలోకి రాదు."

"కాగితంలో ఉంటే ఏం చేస్తాం," అన్నాడు.

"పందెం అయిపోనీ. ఏడు వారాలేగా."

"ఏడు వారాలే," అని, నా పాత స్కీలు భుజాన వేసుకుని కొట్టు వైపు వెళ్ళాడు. ఒక కాలు కాస్త ఈడుస్తున్నాడు. నేను అప్పటికే గేటు దగ్గరున్నాను.

వంటింటి కిటికీలోంచి మారిట్ అంతా చూసింది. ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ వెనక్కి తిరక్కుండా అంది, "ఆయన ఇంతవరకు నిన్ను ఏమైనా అడిగాడా, ఓడ్వర్? ఈ ఇంట్లో అడుగు పెట్టి ఇరవై ఆరేళ్ళయింది, ఉప్పు అందుకోమని అడగడం కూడా వినలేదు నేను."

"వెళ్తానన్నాగా. వెళ్ళనన్నానా?"

గిన్నె బోర్లించి తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

ఇక అసలు సంగతి. ఇన్ని చెప్పింది ఇది చెప్పడానికే. ఇప్పుడు కాఫీ తాగండి, చల్లారిపోతుంది.

ఫిబ్రవరి పంతొమ్మిది, ఆదివారం. మైనస్ తొమ్మిది. కాగితంలో ఆ రోజు అన్నిటికంటే కష్టమైనది: ఎనిమిదేసి నిమిషాలు ఆగకుండా గట్టిగా తొక్కాలి, అలా అయిదు సార్లు. నాలుగోసారి మధ్యలో ఉన్నాను. సేటర్ వైపు వెళ్ళే దారే అది, దేవదారు అడవిలో పొడుగ్గా, తిన్నగా ఉంటుంది. రెండు కర్రలూ ఒకేసారి పొడిచి, నడుం వంచి తోస్తున్నాను. ఒళ్ళు నాది కాదు అన్నట్టు పోతోంది. జీవితంలో అంత బాగా ఎప్పుడూ తొక్కలేదు.

ముందు గాడిలో ఎవరో ఉన్నారు. మెల్లిగా, రెండడుగులకోసారి ఆగుతూ.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది, మీకు తెలిసిందే. వెనకనుంచి వేగంగా వచ్చేవాడు "దారి!" అని కేకేస్తాడు. ముందున్నవాడు గాడిలోంచి పక్కకి తప్పుకుంటాడు. ఎవరు, ఏంటి అని లేదు, రాజుగారైనా తప్పుకోవాల్సిందే. చిన్నప్పుడు బళ్ళో అక్షరాలకంటే ముందు నేర్పుతారు.

"దారి!" అన్నాను.

ముందున్న మనిషి ఒక కాలు తీసి పక్కన పెట్టాడు. మోకాలు దాకా దిగిపోయింది, అక్కడ యంత్రం తొక్కని మంచు. రెండో కాలు చేత్తో పట్టుకుని లాగినట్టు తీశాడు. నేను దాటాను. దాటేటప్పుడు బూడిదరంగు టోపీ కనబడింది, చెవి మీద ఎర్ర దారంతో అతుకు. ఆ అతుకు వేసింది మారిట్.

ఒకసారి వెనక్కి చూశాను.

వాడు మంచులో నిలబడి కర్ర ఎత్తి చూపించాడు. వెళ్ళు వెళ్ళు, బాగుంది అన్నట్టు. గడియారంలో ఇంకా మూడు నిమిషాల పది సెకన్లున్నాయి. వెళ్ళాను.

వెళ్తూ ఏమనుకున్నానో కూడా చెబుతాను. పర్వాలేదే, అన్న ఇంత దూరం వచ్చాడు, కాళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి అనుకున్నాను. సంతోషించాను కూడా. తిరుగు దారి ఇంకోవైపు నుంచి పట్టాను.

ఆ సాయంత్రం భోజనానికి ఎంబ్రెట్ ఆలస్యంగా వచ్చాడు. ఫోర్కు ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"ఏమైంది చేతికి?" అంది మారిట్.

"చిన్నింటి మెట్లు. గడ్డ కట్టాయి, జారాను. భుజం పట్టేసింది."

"ఇసక చల్లమని ఈయనకి ఎన్నిసార్లు చెప్పాను," అని మారిట్ నా వైపు చూసింది.

ఎంబ్రెట్ నా వైపు చూడలేదు. మాంసం ముక్క కోసుకోవడానికి అవస్థ పడుతుంటే మారిట్ పళ్ళెం లాక్కుని కోసిచ్చింది. నేను, "ఇవాళ అడవిలో..." అని మొదలుపెట్టి, "గాడి బాగుంది" అని ముగించాను. "అవును, బాగుందట," అన్నాడు ఎంబ్రెట్.

పందెం రోజు మార్చి పద్దెనిమిది. మైనం రాసేవాడికి అంతకంటే పాడు రోజు ఉండదు: సున్నా దగ్గర చలి, కొత్త తడి మంచు. అయిదింటికి కొట్టులోకి వెళ్ళేసరికి ఎంబ్రెట్ పని మొదలుపెట్టేశాడు. స్కీ మోకాళ్ళ మధ్య బిగించుకుని, కింద జిగురు మైనం పలచగా, దాని మీద ఊదారంగుది, బెండు ముక్కతో ఎడమచేత్తో రుద్దుతున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పడుంది.

"ఇంకా తగ్గలేదా భుజం?"

"ఆ మెట్లు గట్టివిరా," అన్నాడు. "ఇదుగో, మొదటి ఎత్తు మీద కాస్త పట్టేసినట్టుంటుంది. కంగారుపడి గీకెయ్యకు. పైకెక్కాక మంచు పొడిగా ఉంటుంది, అప్పుడు తెలుస్తుంది."

వాడు చెప్పినట్టే అయింది. ఇరవయ్యో కిలోమీటరు దగ్గర జనం దారి పక్కన కూర్చుని, అడుగున గడ్డకట్టిన మంచుని తిట్టుకుంటూ గీకుతున్నారు. వాళ్ళలో స్టిగ్ ఉన్నాడు.

"బాబాయ్! ఏం పూశావు దీనికి?"

"నేను కాదు, మా అన్న పూశాడు!"

"మీ అన్నని నాకు అమ్మెయ్!"

మూడు గంటల నలభై నిమిషాల యాభై రెండు సెకన్లు. అన్న కంటే ఇరవై ఎనిమిది సెకన్లు తక్కువ. అవతలి లోయలో గీత దాటి, ఎవరో ఇచ్చిన వేడి బ్లూబెర్రీ రసం మీద పోసుకుంటూ పసిపిల్లాడిలా ఏడ్చాను. అబద్ధం ఎందుకు, ఆ రోజు నాకు చాలా బాగుంది.

ఇంటికొచ్చి టైము చెప్పగానే ఎంబ్రెట్ స్టూలు దూలం కిందికి జరిపించాడు. నా భుజం పట్టుకుని ఎక్కి, ఎడమచేత్తో, వంకర అక్షరాలతో తన వరుస కింద నా వరుస రాశాడు. "దొరికింది దానికి తోడు," అన్నాడు.

"ఇక సేటర్, అన్నా. వచ్చే ఆదివారం."

"వచ్చే ఆదివారం," అన్నాడు. మొహం వెలిగింది.

సోమవారం వాన మొదలైంది.

మా దగ్గర ఈస్టర్ దాకా మంచుకి ఢోకా లేదు. ఏప్రిల్ నెలాఖరున చొక్కాలు విప్పి స్కీలు తొక్కిన ఏళ్ళున్నాయి. ఆ ధీమాతోనే ఇక్కడ ఎవడైనా పనులు వాయిదా వేస్తాడు. ఆ ఏడు అయిదు రోజులు ఎడతెగని వాన, వెచ్చటి గాలి. ఆదివారం నాటికి పొలాల్లో మట్టి కనబడింది. అయినా వెళ్ళాం. అడవి మొదటి దాకా ట్రాక్టరు మీద, అక్కడినుంచి స్కీల మీద. రెండు కిలోమీటర్లకి గంటన్నర పట్టింది. వాడి కుడికాలు స్కీతో సహా పక్కకి వాలిపోతోంది. నేను వెనకాలే నడిచాను.

వాగు దగ్గరికి వచ్చాం. చలికాలమంతా దాని మీద మంచు వంతెన ఉంటుంది, ఉందని కూడా తెలియకుండా దాటేస్తాం. ఇప్పుడు గోధుమరంగు నీళ్ళు హోరుమంటున్నాయి.

"పైన కర్ర వంతెన ఉంది కదా," అన్నాను. "మూడు కిలోమీటర్లు చుట్టు."

ఎంబ్రెట్ నీళ్ళని చూశాడు, తన కాళ్ళని చూశాడు. "వద్దులేరా. వచ్చే ఏడు చూద్దాం."

ఇద్దరం తలలూపాం. ఇద్దరికీ తెలుసు.

కాసేపు ఒక దుంగ మీద కూర్చున్నాం. ఏదో ఒకటి అనాలని, "నారింజలేవీ?" అన్నాను.

"తేలేదు. ఈసారి మర్చిపోయా."

ముప్పై ఏళ్ళలో వాడు నారింజలు మర్చిపోలేదు. నాకు వింతగా అనిపించింది, అంతే.

ఈస్టర్ ముందు వారం ఊళ్ళో దుకాణానికెళ్ళాను సరుకులకి. నారింజల బుట్ట దగ్గర తోరా కనబడింది. అడవి అంచున ఆఖరి ఇల్లు ఆవిడది, డెబ్బై దాటాయి, కుక్కనేసుకుని రోజూ స్కీల మీద తిరుగుతుంది.

"వీటిని చూస్తే మీ అన్నే గుర్తొస్తున్నాడయ్యా ఓడ్వర్," అంది. "ఎలా ఉంది భుజం?"

"పర్వాలేదు. మెట్ల మీద జారాడు."

"మెట్లేంటి?" తోరా నా మొహంలోకి చూసింది. "సేటర్ దారిలో కదూ పడింది. ఆ ఆదివారం నేనే కదా లేపింది. గాడిలోకి తిరిగి ఎక్కబోయి పడ్డాట్ట, లేవలేక మంచులో కూర్చున్నాడు పాపం. నా కుక్క కనిపెట్టింది. ఇంటికెళ్ళి మంచు మీద పోయే స్కూటరు తెచ్చి ఎక్కించుకొచ్చాను. దార్లో సంచీలోంచి నారింజ తీసి నా చేతిలో పెట్టాడు. నీకు వద్దా అంటే, నాది తినేశాను, ఇది మా తమ్ముడికని తెచ్చాను, ఆదివారం ఈ దారినే వస్తాడు కదా అని. కానీ వాడు తొందరలో ఉన్నాడు, నువ్వు తిను అన్నాడు."

నేను ఏం కొన్నానో, ఇంటికెలా వచ్చానో తెలియదు. తిన్నగా చిన్నింటికి వెళ్ళాను. ఎంబ్రెట్ కిటికీ దగ్గర కూర్చుని పేపరు చూస్తున్నాడు.

"ఎందుకు చెప్పలేదు అన్నా?"

ఏ సంగతో అడగలేదు. పేపరు మడిచాడు. "ఏముంది చెప్పడానికి? నువ్వు దారి అన్నావు, ఇచ్చాను. అడిగితే ఇవ్వాలి కదా. అదేగా పద్ధతి."

అప్పుడు నేనొక పని చేశాను. వదిలేసి పోయిన దానికంటే పాడు పని.

"నువ్వని తెలియలేదు అన్నా," అన్నాను. "నిజంగా తెలియలేదు."

వాడు నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత తల వంచుకుని ఆ గొంతులో నవ్వు నవ్వాడు. "అంత వేగంలో ఎలా తెలుస్తుందిరా. ఎవరికీ తెలియదు. కాఫీ తాగుతావా?"

తాగాను.

మరుసటి చలికాలానికి ఎంబ్రెట్ చక్రాల కుర్చీలోకి వచ్చాడు. సామాను లాగే స్కీ బండి ఒకటి సంపాదించి, దాంట్లో గొర్రెతోలు పరిచి, వాడి ముందు పెట్టాను. "ఎక్కు. నేను లాగుతాను సేటర్ దాకా."

"కట్టెల మోపునా నేను?" అన్నాడు. "చక్కగా ఉంది బండి. మారిట్‌ని ఎక్కించుకో."

"నన్ను లాగాలంటే ముందు ఈయన అన్నం తినాలి," అంది మారిట్. ముగ్గురం నవ్వాం. బండి కొట్టులోకి పోయింది. మళ్ళీ అడిగాను, రెండుసార్లు. రెండుసార్లూ అదే జవాబు.

ఆ వసంతంలో వాణ్ణి పంచాయతీ వాళ్ళ వృద్ధుల ఇంటికి మార్చాం. మోసి పడుకోబెట్టడం ఇక మా ఇద్దరి వల్లా కాలేదు. ఇంటి సామాన్లు సర్దుతూ మైనం కొట్టు కూడా ఊడ్చాను. స్టూలు జరిపితే, దాని వెనక, గోడ మీద మోకాలెత్తున కొన్ని వరుసలు కనబడ్డాయి. నిలబడి రాయలేక కూర్చుని రాసినవి. ఆఖరిది మాత్రం ఎడమచేతి రాత. నేల మీద కూర్చుంటే గానీ చదవలేం. కూర్చున్నాను. అన్నిటికంటే కిందది:

*ఫిబ్రవరి 19. మైనస్ 9. నీలం. ఓడ్వర్ నన్ను దాటాడు. చేతులు బాగా వాడుతున్నాడు. ఒకసారి వెనక్కి చూశాడు.*

దాని తర్వాత తేదీలు లేవు, వాగు దాకా వెళ్ళిన రోజుది కూడా.

అంటే కాఫీ తాగుతావా అన్నప్పుడు వాడికి తెలుసు.

తర్వాత నేను ఏ పందేనికీ పేరివ్వలేదు. ఏటా ఒకసారి నేనూ మారిట్ సేటర్‌కి వెళ్ళి, దక్షిణపు గోడకి ఆనుకుని కూర్చుని వస్తాం. వెనకాల కర్రల చప్పుడు వినబడితే చాలు, ఎవరూ కేక వెయ్యక ముందే తప్పుకుంటాను, వెళ్ళేవాళ్ళ మొహాలు చూస్తాను. ఆదివారాలు ఎంబ్రెట్ దగ్గరికి వెళ్ళి, నారింజ వొలిచి, తొనలు ఒక్కోటీ నోట్లో పెడతాను. గాడి ఎలా ఉంది అంటాడు. చెబుతాను. గోడ మీద రాశావా అంటాడు. రాశాను అంటాను. కింది వరుస చదివానని మాత్రం ఇంతవరకు చెప్పలేదు. రెండేళ్ళవుతోంది. ఈ వారం కాదు, వచ్చే వారం అనుకుంటూ. ఇప్పుడు మాట కూడా ముద్దగా వస్తోంది వాడికి, వినడం మాత్రం బాగానే వింటాడు.

ఇవాళ ఆదివారం. మైనస్ ఏడు, గాలి లేదు. ఇది రాయడం అయిపోగానే వెళ్ళి చెప్పేస్తాను...

చూశారా. మళ్ళీ అదే. అయిపోగానే.

ఆపేస్తున్నాను. తప్పులు దిద్దను. మీకు తెలిసినవాళ్ళలో చేతి గడియారం చూసుకుంటూ మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళకి దీన్ని పంపండి, ఇంకో నలుగురికి పంపమని కూడా చెప్పండి. ఇవాళే పంపండి. మీ మెసేజీలకి జవాబివ్వకపోతే ఏమనుకోకండి. నారింజలు సంచీలో వేసుకున్నాను, ఫోను ఇక్కడే వదిలేసి వెళ్తున్నాను.